సామెతలు, యోబు, ప్రసంగి: జీవితార్థం వెతికేవారు ఏది ముందు తెరవాలి?

జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్నతో బైబిలులోని పాత నిబంధనను తెరిచేవారికి మన దగ్గర సాధారణంగా ఒకే సలహా దొరుకుతుంది: ప్రసంగి గ్రంథం చదవండి, చివరి రెండు వచనాలు గుర్తుపెట్టుకోండి. ఈ సలహా సగమే సరైనది. ప్రాచీన హెబ్రీయులు ఈ ప్రశ్న చుట్టూ మూడు పుస్తకాలు నిలుపుకున్నారు. ఆ మూడూ ఒకదానితో ఒకటి ఏకీభవించవు. అయినా వాటిని ఒకే సంపుటంలో ఉంచడానికి వారు వెనుకాడలేదు. కాబట్టి సామెతలు, యోబు, ప్రసంగి అనే మూడింటిలో ఏది ముందు తెరవాలన్నది పుస్తకాల గొప్పదనాన్ని బట్టి కాక, అడిగే మనిషి ఏ స్థితిలో ఉండి అడుగుతున్నాడన్న దాన్ని బట్టి తేల్చుకోవలసిన విషయం.

ముందుగా ఒక మాట సంగతి. మనం జ్ఞానం అని అనువదించుకునే హెబ్రీ పదం హొఖ్మా. తెలుగులో జ్ఞానం అనగానే బ్రహ్మజ్ఞానం, ఆత్మజ్ఞానం వంటి ఎత్తైన అర్థాలు ముందు గుర్తుకు వస్తాయి గానీ, హొఖ్మా నేల మీద నడిచే మాట. నిర్గమకాండము 31వ అధ్యాయంలో బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పనులు చేసే బెసలేలుకు ఉన్నది హొఖ్మాయే. 107వ కీర్తనలో తుపానులో చిక్కిన నావికులు ఎటూ తోచక ఉన్నారని మన పాత అనువాదం చెప్పేచోట, వారి హొఖ్మా అంతా మింగుడు పడిపోయిందని హెబ్రీ మూలం అంటుంది. అంటే అది పనితనం. బ్రతకడం కూడా ఒక పనితనమేననీ, శ్రద్ధగా నేర్చుకుంటే అబ్బుతుందనీ సామెతల గ్రంథం నమ్ముతుంది. బాగా చేసిన పని కళ్ళముందే కూలిపోతే ఏమిటని యోబు అడుగుతాడు. పని కూలిపోకుండా నిలిచినా, చేసినవాడు పోయాక అది ఎవడి చేతికి వెళుతుందో, వాడు బుద్ధిమంతుడో బుద్ధిహీనుడో ఎవరికి తెలుసునని ప్రసంగి అడుగుతాడు.

సామెతలు: పని మొదలుపెట్టేవారికి

ఇప్పుడిప్పుడే ఉద్యోగంలోనో సంసారంలోనో అడుగుపెట్టినవారికి, డబ్బు, మాట, స్నేహం, కోపం వంటివాటిని ఎలా నడుపుకోవాలో తెలియక తడబడుతున్నవారికి సామెతలే తగినవి. 31 అధ్యాయాలు ఉండటం వల్ల తేదీకి ఒకటి చొప్పున నెలంతా చదివే అలవాటు చాలామందికి ఉంది. అది మంచి అలవాటే గానీ, ఈ పుస్తకం ఒకే చేతి రచన కాదని గమనిస్తే చదువు ఇంకా రక్తి కడుతుంది. సొలొమోను పేరు పెట్టుకున్న సంకలనాలున్నాయి, జ్ఞానుల మాటలని వేరే శీర్షిక ఉంది, యూదా రాజైన హిజ్కియా సేవకులు ఎత్తి రాసినవని 25వ అధ్యాయం మొదట్లోనే చెప్పిన భాగముంది, ఆగూరు మాటలున్నాయి, లెమూయేలు అనే రాజుకు అతని తల్లి చెప్పిన బుద్ధులున్నాయి. 22వ అధ్యాయం 17వ వచనం నుంచి సాగే భాగం ఈజిప్టు దేశపు ఆమెనెమోపె ఉపదేశానికి చాలా దగ్గరగా ఉందని 1924లో జర్మన్ పండితుడు అడాల్ఫ్ ఎర్మాన్ చూపించాడు. ఆ ఉపదేశం రాసి ఉన్న పపైరస్ చుట్ట లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పొరుగువాడి దగ్గర మంచి మాట దొరికితే తెచ్చుకోవడానికి హెబ్రీయులకు నామోషీ లేకపోయింది.

ఈ పుస్తకాన్ని ఎలా వాడాలో 26వ అధ్యాయంలోని రెండు వచనాలే నేర్పుతాయి. మూర్ఖుడికి వాడి ధోరణిలో జవాబివ్వవద్దు, ఇస్తే నువ్వూ వాడిలా అవుతావని 4వ వచనం. మూర్ఖుడికి వాడి ధోరణిలోనే జవాబివ్వు, లేకపోతే వాడు తానే జ్ఞానిననుకుంటాడని 5వ వచనం. ఈ వైరుధ్యం రబ్బీలను, అంటే యూదు మతగురువులను కూడా కలవరపెట్టింది. ఈ పుస్తకాన్ని వాడుక నుంచి తప్పిద్దామా అన్న చర్చ నడిచిన సంగతి, ఆ రబ్బీల వాదోపవాదాల సంపుటమైన తల్మూదులో ఉంది. మనకు మాత్రం ఇందులో వింత ఉండనక్కరలేదు. నిదానమే ప్రధానమనీ, ఆలస్యం అమృతం విషమనీ ఒకే నోటితో అనే భాష మనది. సామెత ఎప్పుడూ చట్టం కాదు, ఏ సందర్భానికి ఏది తీయాలో తెలియడమే ఆ పనితనం. అందువల్ల సామెతలలోని ప్రతి వాక్యాన్నీ దేవుడు రాసిచ్చిన హామీపత్రంగా పట్టుకునేవారు తప్పకుండా దెబ్బతింటారు. బద్ధకస్తుడు దరిద్రుడవుతాడని చెప్పిన పుస్తకమే, బీదవాడి కొత్త భూమి విస్తారంగా పండినా అన్యాయం వల్ల అది ఊడ్చుకుపోవచ్చునని 13వ అధ్యాయం 23వ వచనంలో ఒప్పుకుంటుంది. ఆ రెండో రకం వచనాలను కూడా గుర్తుపెట్టి చదివితే, తరువాత రాబోయే రెండు పుస్తకాలు ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించవు.

అయితే జీవితార్థం గురించి అడిగేవారికి ఇది నేరుగా జవాబు చెప్పదు. ఎలా నడవాలో చెబుతుంది, ఎందుకు నడవాలో అప్పటికే తెలుసుననుకుంటుంది.

యోబు: దెబ్బ తిన్నవారికి, అయితే వెంటనే కాదు

మన ఊళ్ళలో క్రైస్తవుల దుకాణాల గోడల మీద, కొత్త సంవత్సరపు వాగ్దానం కార్డుల మీద తరచుగా కనిపించే వచనం ఒకటుంది: నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు. ఇది యోబు 8వ అధ్యాయం 7వ వచనం. ఆ మాట అన్నది దేవుడు కాదు, యోబూ కాదు, బిల్దదు అనే స్నేహితుడు. పదిమంది పిల్లలను ఒక్క రోజున పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న తండ్రితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు గనుక దేవుడు వారిని దాని చేతికి అప్పగించాడని మూడు వచనాల ముందే అన్నవాడు ఇతడే. చివరి అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపంగా ఉంది, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గురించి యుక్తమైనది పలుకలేదు అంటాడు. అంటే మనం పటం కట్టించుకున్నది, ఆ పుస్తకం మొత్తం ఎవరి మాటల మీద తీర్పు చెప్పిందో వారి మాటనే. ఎవరి పటాన్నీ గోడ నుంచి దించమని నేననడం లేదు, యోబు గ్రంథాన్ని విడి వచనాలుగా చదివితే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

కాబట్టి యోబును ఎంచుకునేవారు మాట్లాడుతున్నది ఎవరో ప్రతి అధ్యాయంలోనూ గమనిస్తూ చదవాలి. మొదటి రెండు అధ్యాయాలూ చివరి భాగమూ గద్యంలో ఉన్న కథ, మధ్యలోనిదంతా కవిత్వం. మూడవ అధ్యాయంలో యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు. ఆపై ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురితో వాదం నడుస్తుంది. 32వ అధ్యాయంలో ఎలీహు అనే యువకుడు పిలవకుండానే లేచి ఆరు అధ్యాయాలు మాట్లాడతాడు. 38వ అధ్యాయంలో సుడిగాలిలో నుంచి దేవుడు పలుకుతాడు. మొత్తం 42 అధ్యాయాలూ ఒకేసారి చదవడం భారమనిపిస్తే 1 నుంచి 3, తరువాత 8 నుంచి 10, ఆపై 28, చివరగా 38 నుంచి 42 వరకు చదివితే వాదం తాడు తెగదు. ఎలీహును మొదటిసారికి వదిలేయవచ్చు, చివర్లో దేవుడు కూడా అతని పేరెత్తడు.

దేవుడి జవాబు కోసం ఆశగా వచ్చినవారికి ఇక్కడ ఒక ఆశాభంగం ఉంది. అన్నీ పోగొట్టుకుంటే యోబు భక్తి నిలుస్తుందా అని మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో దేవుడికీ సాతానుకూ మధ్య జరిగిన పందెం గురించి యోబుకు ఎవరూ ఏమీ చెప్పరు. నీకు ఈ కష్టం ఎందుకు వచ్చిందన్న మాటే రాదు. దానికి బదులు మనుష్యులు లేని ఎడారిలో కురిసే వర్షాన్ని, అడవిగాడిదను, తన గుడ్లను మరచిపోయే ఉష్ట్రపక్షిని చూపిస్తాడు. ఆ తరువాత బెహెమోతు, లెవియాతాను అనే రెండు భీకర జంతువులు వస్తాయి. పాత తెలుగు అనువాదం వీటిని నీటిగుఱ్ఱము, మకరము అని చక్కగా మచ్చిక చేసింది గానీ, నోట నిప్పురవ్వలు చిమ్మే జంతువు ఏ నదిలోనూ దొరకదు. లోకం మనిషి కొలతకు కుట్టిన బట్ట కాదన్నదే ఆ దృశ్యాల సారమని నేను చదువుకుంటాను. అది ఓదార్పా కాదా అన్నది ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. 42వ అధ్యాయం 6వ వచనంలో నన్ను నేను అసహ్యించుకొని పశ్చాత్తాపపడుచున్నానని మన అనువాదం అంటుంది. హెబ్రీలో ‘నన్ను నేను’ అన్న మాటలు లేవు, ఆ క్రియకు కర్మపదమే లేదు. పశ్చాత్తాపమని అనువదించిన రెండో క్రియకు ఓదార్పు పొందడమన్న అర్థం కూడా ఉంది. అలిసిపోయి తలవంచిన యోబు ఒకడు, ఊరట పొంది లేచిన యోబు మరొకడు, ఇద్దరూ అదే వచనంలో ఉన్నారు.

ఇంకొక జాగ్రత్త. నిన్నగాక మొన్న మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఈ పుస్తకాన్ని తీసుకెళ్ళవద్దు. ఆ ముగ్గురు స్నేహితులు చేసిన ఒకే ఒక్క మంచిపని ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చోవడం. ఒక ఏడాది గడిచాక, ఎందుకు నాకే అన్న ప్రశ్న కన్నీళ్ళు దాటి కోపంగా మారినప్పుడు యోబు పనికివస్తాడు. ముగింపులో పశువులన్నీ రెట్టింపవుతాయి గానీ పిల్లలు మాత్రం మునుపటిలాగే ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళేనని అప్పటికి పాఠకుడే గమనిస్తాడు.

ప్రసంగి: అన్నీ ఉన్నా ఏదో వెలితి ఉన్నవారికి

జీవితార్థమన్న మాటకు నిజంగా ఎదురుపడేది ఈ పన్నెండు అధ్యాయాలే. కష్టం వచ్చినవాడి ప్రశ్న కాదు ఇది. ఇళ్ళు కట్టి, తోటలు నాటి, పాటగాళ్ళను పెట్టుకుని, కన్నులు కోరినదేదీ కాదనకుండా అనుభవించి, ఆ తరువాత కూర్చుని లెక్క చూసుకున్నవాడి ప్రశ్న.

రచయిత పేరు కోహెలెత్, అంటే సభను కూర్చేవాడు, సభలో మాట్లాడేవాడు; తెలుగులో ప్రసంగి అన్నది ఈ మాటకే. దావీదు కుమారుడని, యెరూషలేములో రాజని చెప్పుకుంటాడు గానీ సొలొమోను అన్న పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. సంప్రదాయం దీన్ని సొలొమోనుదిగానే చెబుతుంది. భాషను బట్టి చూసే పండితులలో ఎక్కువమంది పారసీకుల పాలనకు ముందుది కాదంటారు. 2వ అధ్యాయంలో తోటల గురించి చెప్పేటప్పుడు వాడిన పర్దేస్ అన్న మాట పారసీక భాష నుంచి వచ్చినదే. సికింద్రాబాదులో బస్సు దిగేవారు రోజూ పలికే ప్యారడైజ్ కూడా ఆ కుదురుదే. మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహల్లో దొరికిన ఒక ప్రతి ముక్కలు క్రీ.పూ. రెండవ శతాబ్దానివి, కాబట్టి అప్పటికే ఈ పుస్తకం చలామణిలో ఉంది.

ఈ పుస్తకాన్ని అర్థం చేసుకోవడానికి మూడు హెబ్రీ మాటలు చాలు. మొదటిది హెవెల్. 38 సార్లు వస్తుంది. వ్యర్థము వ్యర్థము సమస్తము వ్యర్థమే అన్న చోట మనం వ్యర్థమని చదువుతున్నది ఈ మాటనే. దాని అసలు అర్థం ఊపిరి, ఆవిరి. చలికాలం తెల్లవారుజామున నోటి నుంచి వచ్చి కంటికి కనిపించి, చేయి చాచేలోగా కరిగిపోయే పొగమంచు అది. ఆదికాండములో చిన్నవయసులోనే అన్న చేతిలో చచ్చిపోయిన హేబెలు పేరు కూడా ఇదే మాట. వ్యర్థమన్నది తీర్పు, హెవెల్ అన్నది దృశ్యం. ఈ తేడా పాత అనువాదకులకు తెలియకపోలేదు. 11వ అధ్యాయం 10వ వచనంలో యౌవనం హెవెల్ అని ఉన్నచోట వారు వ్యర్థమని రాయలేక, లేతవయస్సును నడిప్రాయమును గతించిపోవునవి అని రాశారు. ఆ ఒక్క చోట మూలం వారి చేతిని పట్టుకుని ఆపినట్టుంది. 9వ అధ్యాయం 9వ వచనంలో మాత్రం వ్యర్థమైన నీ ఆయుష్కాలమంతయు నీవు ప్రేమించు నీ భార్యతో సుఖించుము అని ఉంటుంది. వ్యర్థమైన అన్నచోట ఊపిరిలాంటి అని పెట్టి చదివి చూడండి, వాక్యం ముఖమే మారిపోతుంది. అయితే అన్ని చోట్లా ఆవిరి కూడా అతకదు. నీతిమంతుడికి దుర్మార్గుడి ఫలం దక్కుతోందని 8వ అధ్యాయం 14వ వచనం వాపోయేచోట, అంతుబట్టనిది అన్న అర్థమే సరిపోతుంది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక సులువైన పొరపాటు ఎదురవుతుంది. నీటి బుడగ జీవితం, అంతా మాయ అని వినివిని ఉన్న చెవికి హెవెల్ అంటే మాయ అనిపిస్తుంది. ప్రసంగి లోకం అబద్ధమని ఎక్కడా అనడు. రొట్టె నిజం, ద్రాక్షారసం నిజం, పనిచేసే చేతులు నిజం, చావు అంతకంటే నిజం. నిజమైనదే, పట్టుకుందామంటే చిక్కదు, అంతే. అందుకే ఈ పుస్తకం వైరాగ్యంలోకి దించదు, సన్యాసం పుచ్చుకోమని చెప్పదు.

రెండో మాట యిత్రోన్. సూర్యుని క్రింద నరుడు పడే పాటు అంతటి వల్ల వానికి కలిగే లాభమేమి అన్న 1వ అధ్యాయం 3వ వచనపు ప్రశ్నలో లాభమన్నది ఇదే. ఖర్చులన్నీ పోను మిగిలేది అని దాని భావం. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ప్రసంగి మనలా అర్థమేమిటని అడగనే అడగడు. లెక్క ముగించే వేళ వర్తకుడు అడిగే ప్రశ్న అడుగుతాడు: చివరికి ఏం మిగిలింది? దానికి అతని జవాబు కచ్చితంగా ఉంటుంది: ఏమీ మిగలదు. జ్ఞానికీ మూఢుడికీ ఒకే గతి. వేగం కలవారు పరుగు గెలుస్తారని లేదు, బలం కలవారు యుద్ధం గెలుస్తారని లేదు.

మూడో మాట హెలెక్, పాత అనువాదంలో భాగము. నాన్న ఆస్తిలో అన్నదమ్ములకు వచ్చే పాలు, వంతు వంటిది. లాభం లేదన్న మనిషే, తినడం, తాగడం, తన కష్టార్జితంలో సుఖపడటం దేవుడిచ్చిన భాగమని 3వ అధ్యాయం చివరలో, 5వ అధ్యాయం 18వ వచనంలో, 9వ అధ్యాయంలో మళ్ళీ మళ్ళీ అంటాడు. నా లెక్క ప్రకారం పుస్తకం మొత్తం ఈ రెండు మాటల మధ్యనే నడుస్తుంది. లాభం మనం గెలిచి దాచుకోవాలనుకునేది. వంతు మనకు ఇచ్చినది, ఈ రోజుకు తినవలసినది, రేపటికి మూట కట్టలేనిది. లాభం కోసం వెతికినవాడికి జీవితం ఆవిరి, వంతు పుచ్చుకున్నవాడికి అదే ఆవిరి వేడివేడి అన్నం మీద లేచేదైనా కావచ్చు.

ఇక ప్రసంగిని ఎలా చదవాలన్న విషయంలో పండితులు చీలిపోయారు. అతడు నిరాశావాది అన్నది ఒక పక్షం. ఆనందాన్ని బోధించేవాడన్నది మరొక పక్షం, తిని తాగి సంతోషించమన్న ఏడు చోట్లను వారు వేలు పెట్టి చూపిస్తారు. దేవుడు లేని బ్రతుకు ఎంత శూన్యమో చూపడానికే పన్నెండు అధ్యాయాలూ రాసి, దేవునియందు భయభక్తులు కలిగి ఆయన కట్టడలను అనుసరించమన్న ముగింపుతో ఆ గోతిని పూడ్చాడన్నది మన సంఘాల్లో ఎక్కువగా వినిపించే మూడో పద్ధతి. ఈ మూడో పద్ధతిని నేను సిఫారసు చేయను. ప్రసంగి దేవుడు లేనివాడిలా ఎక్కడా మాట్లాడడు, దేవుడి ప్రస్తావన పుస్తకమంతటా ఉంది. పైగా 12వ అధ్యాయం 9వ వచనం నుంచి స్వరం మారుతుంది, ప్రసంగి జ్ఞాని, జనులకు బోధించాడు అంటూ ఇంకెవరో అతని గురించి చెబుతున్నట్టు సాగుతుంది. ఆ రెండో స్వరాన్ని గౌరవించాలి, అయితే దానితో మొదటి స్వరం నోరు మూయించకూడదు. ఈ గ్రంథం పవిత్రమైనదా కాదా అని హిల్లేలు, షమ్మయి అనే ఇద్దరు ప్రాచీన యూదు గురువుల పాఠశాలలు వాదించుకున్నాయని రబ్బీల ధర్మబోధల సంకలనమైన మిష్నా చెబుతుంది. వారు అంత కష్టపడి నిలుపుకున్నది చివరి రెండు వచనాల కోసమే అయితే మిగిలిన 220 వచనాల బరువు మోయనక్కరలేదు కదా.

క్యాలెండరు వచనాల బెడద ఇక్కడా ఉంది. దేని కాలమునందు అది చక్కగా నుండునట్లు సమస్తమును ఆయన నియమించియున్నాడు అన్న 3వ అధ్యాయం 11వ వచనపు మొదటి ముక్కే అచ్చవుతుంది. దేవుడు చేసే పనులను పూర్తిగా తెలుసుకోవడానికి మనిషి హృదయంలో ఆయన ఉంచిన శాశ్వతకాల జ్ఞానం చాలదన్న రెండో ముక్క అచ్చవదు.

మిగిలినవి, అనువాదాలు

బెన్ సీరా గ్రంథం కథోలికుల బైబిలులో ఉంటుంది, ప్రొటెస్టంటుల దానిలో ఉండదు. యెరూషలేములో క్రీ.పూ. 180 ప్రాంతంలో హెబ్రీలో రాసినది, మనుమడు ఈజిప్టులో గ్రీకులోకి అనువదించాడు. సామెతలు నచ్చినవారికి ఇది కొనసాగింపు, వైద్యుడిని గౌరవించమన్న 38వ అధ్యాయం ఒక్కటైనా చదవదగినది. సొలొమోను జ్ఞానగ్రంథం గ్రీకులోనే పుట్టింది, ఆత్మ అమరత్వం గురించి నమ్మకంగా మాట్లాడుతుంది. ప్రసంగి వదిలిన ప్రశ్నకు వెంటనే ఊరట కావాలనుకునేవారు అటు పోతారు గానీ, నేనైతే అంత తొందరపడవద్దంటాను.

అనువాదం విషయానికి వస్తే, సామెతలకు పాత అనువాదమే మేలు, ఆ గ్రాంథిక నడకలో మాట నోట నిలుస్తుంది. యోబు వాదాలు అందులో చిక్కుపడతాయి కాబట్టి వాడుక భాషలోని కొత్త అనువాదం దగ్గర పెట్టుకోవాలి. ప్రసంగికి రెండూ కావాలి. కొత్తవాటిలో కొన్ని వ్యర్థమును తీసేసి అర్థరహితమని పెట్టాయి, ఇది పాతదానికంటే ఇంకా గట్టి తీర్పు, హెవెల్ నుంచి ఇంకా దూరం. నీటి ఆవిరి పోలికను నిలుపుకున్న అనువాదం దొరికితే దాన్ని పక్కన ఉంచుకోండి.

ఎవరికైనా తొందర లేకపోతే నేను చెప్పే వరుస ఇది: సామెతలు 10 నుంచి 15 వరకు, ఆపై ప్రసంగి మొత్తం, ఆ తరువాత యోబు. సామెతల నమ్మకం చెవిలో ఉండగా ప్రసంగిని చదివితేనే అతడు ఎవరితో వాదిస్తున్నాడో తెలుస్తుంది. ఇంట్లో వృద్ధులున్నవారు ప్రసంగి 12వ అధ్యాయం మొదటి ఏడు వచనాలను విడిగా చదువుకోవచ్చు. వణికే ఇంటి కావలివారు చేతులు, పని మానేసిన తిరగలి విసురువారు పళ్ళు, కిటికీలలో నుంచి చూచేవారు కళ్ళు, పూసిన బాదం చెట్టు నెరసిన తల అని పాత వ్యాఖ్యాతలు విప్పి చెప్పారు.

ప్రసంగిని మాత్రం రోజుకొక అధ్యాయంగా కోయవద్దు. చాలా యూదు సమాజాలలో దీన్ని ఏటా పర్ణశాలల పండుగలో వచ్చే సబ్బాతు (వారపు విశ్రాంతి దినం) నాడు మొదటి నుంచి చివరి దాకా చదువుతారు. కోతలు ముగిసి, ఇల్లు నిండి, మనుషులు ఏడు రోజులపాటు నక్షత్రాలు కనిపించేలా కప్పిన ఆకుల పందిరి కిందికి వచ్చి కూర్చునే రోజులవి. గట్టిగా చదివితే గంటలోపే పూర్తవుతుంది.